కస్టమరు మాట

వ్యాను పొద్దున్నే వస్తుందన్నారు. పొద్దున్నే అంటే ఎప్పుడో చెప్పలేదు కాబట్టి, టెలిఫోనమ్మ తెల్లవారకుండానే తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోను ఎక్స్ఛేంజిలో చెవులకి తీగలు తగిలించుకుని, ఊళ్ళో వాళ్ళ మాటలు ఊళ్ళో వాళ్ళకి కలిపిన మనిషి. ఆ పేరు అక్కడ వచ్చిందే. ఇప్పుడు ఆమె ఇంట్లో ఫోను మోగిందంటే అయితే రాంగ్ నంబరు, కాకపోతే ఏదో ఒకటి కొనమని బతిమాలే కంపెనీ. రాంగ్ నంబరు వాళ్ళని కూడా ఆమె ఊరికే వదిలేది కాదు. ఎవరు కావాలి, ఎందుకు కావాలి, ఆయన ఒంట్లో ఎలా ఉంది, ఇవన్నీ కనుక్కున్నాకే పెట్టనిచ్చేది.

కిందటి వారం వచ్చిన ఫోను ఈ రెండు రకాలూ కాదు. పెద్దవాళ్ళు పట్టుకుని నడిచే వాకర్లు తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి. "మా దగ్గర పని మెరుగు చేసుకునే వారం పెట్టుకున్నామండీ. మా వాకరు వాడే కస్టమరు ఒకరు మా మధ్యన కూర్చుని, ఏది బాగుందో ఏది బాలేదో చెప్పాలి. వ్యాను పంపిస్తాం, భోజనం మాదే" అన్నాడు ఒక కుర్రగొంతు. ఆలోచించుకుని చెబుతానంది. అంతలోనే అవతల ఫోను పెట్టేస్తాడేమోనని భయమేసి, "ఆలోచించాను బాబూ, వస్తాను" అనేసింది.

డ్రైవరు వచ్చి చెయ్యి అందించాడు. ఆమె తన వాకరు కోసం వంగబోతే, "అదెందుకమ్మా, అక్కడ కొత్తవి గుట్టలు గుట్టలుగా ఉన్నాయి" అని నవ్వి, భుజం పట్టుకుని మెట్లు దింపాడు. మరో మనిషి చెయ్యి భుజం మీద పడి ఎంతకాలమైందో! ఆమెకి ఇంకో రెండు మెట్లు ఉంటే బాగుండుననిపించింది.

ఫ్యాక్టరీ అంటే ఒక పొడవాటి రేకుల షెడ్డు. ఒక చివర గొట్టాలు కోస్తారు. పక్కన వంచుతారు, రంగు వేస్తారు, చక్రాలు బిగిస్తారు, బ్రేకులు పెడతారు. వాకరు నిలబడి ఉన్నప్పుడు కదలకుండా పట్టి ఉంచే మడత క్లిప్పుని ఆఖర్న తొడుగుతారు. క్లిప్పు విప్పితే వాకరు గొడుగులా ముడుచుకుంటుంది. బిగిస్తే నిలబడుతుంది. గోడకి ఇంత పొడుగు బోర్డు, దాని నిండా రంగురంగుల చీటీలు. బోర్డు ముందు నిలబడి ఉన్నాడు ఫోను చేసిన కుర్రగొంతు మనిషి. మేనేజరు. నిద్ర లేచింది మొదలు ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అంటాడని అక్కడందరూ చాటుగా అతన్ని ఎందుకు సార్ అని పిలుస్తారు.

"మా పద్ధతిని లీన్ అంటారమ్మా" అని మొదలెట్టాడు. "కస్టమరుకి పనికొచ్చే పని ఉంచుతాం. పనికిరానిది వృథా అని తీసేస్తాం. ఏది వృథానో మేం ఊహిస్తే తప్పు. మీరే చెప్పాలి. ఇక్కడ ఎవరి తప్పు అని అడగం, ఎందుకు జరిగింది అని మాత్రమే అడుగుతాం. కస్టమరు మాటే చివరి మాట."

"చివరి మాట నాది కాకపోతే నాకు నిద్ర పట్టదు బాబూ" అంది టెలిఫోనమ్మ.

షెడ్డంతా నవ్వింది. గొట్టాలు కోసే అతను మిషను ఆపి మరీ నవ్వాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. తన మాటకి జనం నవ్వితే ఎలా ఉంటుందో ఆమెకి కొంచెం కొంచెంగా జ్ఞాపకం వచ్చింది.

ఇంక అడ్డేముంది! బ్రేకు పిడి తన వేళ్ళకి అందడం లేదంది. ఫిట్టరు మోకాళ్ళ మీద కూర్చుని స్క్రూ వదులు చేసి పిడి ఇవతలికి జరిపాడు. "ఇంకాస్త", "అయ్యో, అంత కాదు", "ఊఁ, అక్కడుంచు" అంటూ అతన్ని ముప్పుతిప్పలు పెట్టింది. అతను విసుక్కోలేదు సరిగదా, ఆమె అరచెయ్యి తన అరచేతిలో పెట్టుకుని వేళ్ళ పొడుగు కొలుచుకున్నాడు. తర్వాత సంచీ తగిలించే కొక్కెం. "నడిచినప్పుడల్లా నా మోకాలిచిప్పని పలకరిస్తోంది" అంది. సాయంత్రానికల్లా కొక్కెం పక్కకి తిరిగింది. ఆమె చెప్పిన ప్రతి మాటా చీటీ మీద రాసి బోర్డుకి అంటించారు. పని అవగానే చీటీ పీకేశారు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమెకి ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. ఆ సంబరం చెప్పుకోవడానికి ఇంట్లో రేడియో తప్ప ఎవరూ లేరు. రేడియో గోల రేడియోది.

మర్నాడు ఆమె కుర్చీని మడత క్లిప్పులు తొడిగే క్లిప్పులమ్మాయి బల్లకి ఎదురుగా వేశారు. ముప్పై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉంటుంది. పళ్ళెంలోంచి క్లిప్పు తీసి, గొట్టం మీద పెట్టి, బొటనవేలి మొదలుతో నొక్కి, చెక్కసుత్తితో ఒక చిన్న దెబ్బ వేస్తుంది. ఒకసారి విప్పి, మళ్ళీ బిగించి, చెవి దగ్గరగా పెట్టుకుని వింటుంది. టిక్కుమని వినపడితే వాకరుని ముందుకి తోస్తుంది. ఆ శబ్దం కాస్త మెత్తగా వచ్చినా ఊరుకోదు, మళ్ళీ మొదటికొస్తుంది. చెవి పెట్టి వినే ఆ తీరు టెలిఫోనమ్మకి నచ్చింది.

"మేం కూడా ఇంతే అమ్మాయ్. తీగ సరిగ్గా కూర్చుందో లేదో చెవికి తెలిసిపోయేది."

"అయితే మనిద్దరిదీ ఒకటే వృత్తి పెద్దమ్మా" అంది క్లిప్పులమ్మాయి తల ఎత్తకుండానే.

మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తిన్నారు. టెలిఫోనమ్మ ఎదురుగా ఒక మనిషి నమలడం చూస్తూ తిని చాలా కాలమైంది. అందుకని కావాలనే నెమ్మదిగా తిన్నది. క్లిప్పులమ్మాయి తనది ఇంకా కాంట్రాక్టు పనేనని, ఈ వారం ముగ్గురిని పర్మనెంటు చేస్తారని, వాళ్ళలో తన పేరుందని చెప్పింది. "ఆర్డరు చేతికొచ్చాక మా పిల్లదాన్ని మంచి బళ్ళోకి మార్పిస్తా. అప్పటిదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నా. మీకెందుకు చెప్పేశానో!"

"నాతో చెబితే ఎవరికీ చెప్పనట్టే. నాకెవరున్నారు చెప్పడానికి?" అంది టెలిఫోనమ్మ. ఇద్దరూ నవ్వారు.

మూడో రోజుకి చక్రం కీచుమనడం పోయింది. కూర్చునే పలక జారడం పోయింది. మేనేజరు బోర్డు దగ్గర నిలబడి చేతులు కట్టుకుని, ఆమె చీటీలన్నీ పోయి ఖాళీ అయిన వరసని మురిపెంగా చూసుకున్నాడు.

"అద్భుతం అమ్మా. మీరు చెప్పినవన్నీ అయిపోయాయి. ఇంక మిమ్మల్ని శ్రమ పెట్టం. రేపటి నుంచి రానక్కర్లేదు."

"వారం అన్నారుగా బాబూ?"

"వారం అనుకున్నాం. మీరు ముందే పూర్తి చేసేశారు. ఇంకా పిలవడమంటే మీ టైము వృథా కదా."

అతను మర్యాదకే అన్నాడు పాపం. కానీ టెలిఫోనమ్మకి రేపటి రోజు కళ్ళ ముందు కనిపించింది. రేపు పొద్దున్నే ఇస్త్రీ బట్టలు కట్టుకోనక్కర్లేదు. వ్యాను రాదు. భుజం మీద చెయ్యి ఉండదు. కుర్చీ, రేడియో, వంటిల్లు, మళ్ళీ కుర్చీ. డ్రైవరు అప్పుడే తాళాలు తీసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆమె నోరు ఆమెని అడక్కుండానే తెరుచుకుంది.

"ఒకటి చెప్పడం మరిచిపోయాను. మడత క్లిప్పు. నిలబడి ఉండగానే ఊడిపోయింది ఒకసారి. నేను పడబోయాను."

మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు. మేనేజరు ముఖం తెల్లబోయింది. "ఇంత ముఖ్యమైనది ఇప్పుడా అమ్మా చెప్పడం? మీ వాకరు చూడాలి మేం."

"మా వీధి చివర సైకిలు షాపతను బిగించేశాడు. ఇప్పుడు బాగానే ఉంది" అంది. ఒక అబద్ధం ఆడాక రెండోది ఎంత సులువో ఆమెకి ఆ క్షణాన తెలిసింది.

మేనేజరు ఎర్ర చీటీ రాసి బోర్డు మధ్యలో అంటించాడు. "రేపు వ్యాను వస్తుందమ్మా. తప్పకుండా రావాలి" అన్నాడు. ఇంటికి వెళ్ళే దారంతా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సిగ్గు వేసింది. సంతోషమూ వేసింది. దాచుకోవడం ఎందుకు, సంతోషమే ఎక్కువ వేసింది.

మర్నాడు లైను నడవలేదు. అందరూ బోర్డు ముందు గుండ్రంగా నిలబడ్డారు. టెలిఫోనమ్మకి మధ్యలో కుర్చీ వేశారు.

"క్లిప్పు ఊడింది. ఎందుకు?" అన్నాడు మేనేజరు.

"గాడిలో పూర్తిగా కూర్చోలేదేమో" అన్నాడు ఫిట్టరు.

"ఎందుకు కూర్చోలేదు?"

"నొక్కింది చాలలేదేమో."

"ఎందుకు చాలలేదు?"

"చేత్తో నొక్కుతున్నాం సార్. దానికో కొలతంటూ లేదు."

"ఎందుకు లేదు?"

"చెవితో విని చూసుకుంటున్నారు కదా, చాల్లే అనుకున్నాం."

ఐదోసారి కూడా ఎందుకు అని అడగాలి. అదే వాళ్ళ పద్ధతి. కానీ మేనేజరు ఒక్క క్షణం ఆగి, "ఎవరు వింటున్నారు?" అన్నాడు.

అందరి తలలూ ఒక్క వైపుకే తిరిగాయి. క్లిప్పులమ్మాయి చేతులు పైకోటుకి తుడుచుకుంది. ఆ చేతులకి ఏమీ అంటుకుని లేదు. "నా చేతి మీదుగా వెళ్ళింది ఊడదు సార్" అంది.

"నేను నిన్ను అనడం లేదమ్మా. కస్టమరు చెబుతున్నారు. ఇది తేలేదాకా నువ్వు ప్యాకింగులో ఉండు. ఆ పర్మనెంటు ఆర్డరు సంగతి కూడా తేలాకే చూద్దాం."

ఎవరి తప్పూ కాదని మళ్ళీ ఒకసారి అన్నాడు. ఆ మాట ఎంత మెత్తగా అన్నాడో క్లిప్పుల బల్ల అంత త్వరగా ఖాళీ అయింది. క్లిప్పులమ్మాయి సుత్తిని సొరుగులో పెట్టి, పళ్ళెం మీద గుడ్డ కప్పింది. టెలిఫోనమ్మకి మింగలేక కక్కలేక అయింది. ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకుంది. చెబితే ఇంతమంది ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడుతుంది? కాసేపాగి చెబుదాం అనుకుంది. కాసేపు ఆగింది. ఇంకాసేపు ఆగింది.

భోజనాల వేళ క్లిప్పులమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. రాదనుకుంది టెలిఫోనమ్మ. వచ్చేసరికి తన పళ్ళెం ఇవతలికి లాక్కుని చోటిచ్చింది.

"పెద్దమ్మా, ఏ వైపు క్లిప్పు ఊడింది? కుడిదా, ఎడమదా?"

"ఎడమ."

"ఎడమ..." అని ఆ పిల్ల తన ఎడమ బొటనవేలిని కుడిచేత్తో పట్టుకుని నొక్కి చూసుకుంది. "మీరు కొన్నది రెండేళ్ళ కిందట కదూ. అప్పట్లో మా పిల్లదానికి జ్వరం వచ్చి తగ్గేది కాదు. రాత్రిళ్ళు కూర్చుని పొద్దున్న పనికొచ్చేదాన్ని. ఆ రోజుల్లో చేసిందయ్యుంటుంది. చెవి పెట్టానో లేదో, ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు." అన్నం కెలికి వదిలేసింది. "మీరు పడలేదు కదా? అది చాలు. పడి ఉంటే నేనేమైపోయేదాన్ని!"

టెలిఫోనమ్మ తన ముందున్న పెరుగు గిన్నె ఆ పిల్ల వైపు జరిపింది. సాయంత్రం వ్యానులో డ్రైవరు ఏదో అడిగితే కూడా వినిపించుకోలేదు. ఇంట్లో రేడియో పెట్టుకోలేదు. తన వాకరుని పట్టుకుని వంటింటికీ గుమ్మానికీ మధ్య తిరుగుతూ, మతిలేని తన నోటిని తానే తిట్టుకుంది.

శుక్రవారం యజమాని వస్తాడని షెడ్డంతా ఊడ్చి పెట్టారు. వారం పొడుగునా ఏం బాగుచేశారో ఆయనకి బోర్డు ముందు చెప్పాలి. ప్యాకింగు వాళ్ళు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. మేనేజరు ఎర్ర చీటీ మీద వేలు పెట్టగానే టెలిఫోనమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

"అది అబద్ధం. క్లిప్పు ఊడలేదు. ఎప్పుడూ ఊడలేదు. నేనే కల్పించి చెప్పాను."

తిడతారనుకుంది. వ్యానెక్కించి పంపేస్తారనుకుంది. ఆ రెండిటికీ సిద్ధపడే వచ్చింది. మేనేజరు ఆమె వైపు ఎంతో ఆప్యాయంగా చూశాడు. దానికి మాత్రం సిద్ధపడి రాలేదు.

"కూర్చోండమ్మా. ఎవరైనా మంచినీళ్ళు ఇవ్వండి" అన్నాడు. తర్వాత యజమాని వైపు తిరిగి, "అమ్మగారు ఆ అమ్మాయితో కలిసి భోంచేశారు సార్. ఆమె ఉద్యోగానికి ముప్పొస్తుందని బాధపడుతున్నారు. కస్టమరు జాలిపడి ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం మామూలే. మనం మాత్రం మొదట చెప్పిన మాటే పట్టుకోవాలి" అన్నాడు. యజమాని గంభీరంగా తల ఊపాడు.

గ్లాసుతో నీళ్ళు వచ్చాయి. టెలిఫోనమ్మ ఆ గ్లాసు వంక చూసింది, బోర్డు వంక చూసింది. ఒళ్ళు మండింది.

"ఇదెక్కడి చోద్యం బాబూ! అబద్ధం చెబితే మిషన్లన్నీ ఆపారు. నిజం చెబితే నీళ్ళు తాగమంటున్నారా?"

"అమ్మా, సైకిలు షాపులో బిగించారని మీరే..."

"సైకిలు షాపూ లేదు, నా మొహమూ లేదు. మా ఇంటికొచ్చి చూసుకోండి. ఆ క్లిప్పు మీద మీ ఫ్యాక్టరీ చుట్టిన ప్లాస్టిక్ కాగితం చుట్టినట్టే ఉంది. తెచ్చిచ్చినవాళ్ళు అట్టపెట్టెలోంచి నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే తీశారు. ఇవ్వాళ్టిదాకా దాన్ని మడవలేదు. క్లిప్పు మీద చెయ్యే పడలేదు. ఎందుకు మడుస్తాను? బస్సెక్కితే మడవాలి. ఎవరైనా కారులో తీసుకెళ్తే మడవాలి. ఒకరింటికి వెళ్ళి, వాళ్ళ గోడకి ఆనించాలంటే మడవాలి. నేను వంటింట్లోంచి గుమ్మం దాకా వెళ్తాను. గుమ్మంలోంచి వంటింటి దాకా వస్తాను. దానికి మడతెందుకు?"

ఆమెకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. "రేపటి నుంచి రావద్దన్నారు. ఇంకోరోజు రావాలని అన్నాను. అంతే. ఆ అమ్మాయి పొట్ట కొట్టాలని కాదు."

వెనక వరసలో క్లిప్పులమ్మాయి ముఖం ఎటు ఉందో టెలిఫోనమ్మ చూడలేకపోయింది.

మధ్యాహ్నం వ్యాను ఆమె ఇంటి ముందు ఆగింది. ముందు డ్రైవరు దిగి టెలిఫోనమ్మని దింపాడు, తర్వాత మేనేజరు దిగాడు, ఆఖర్న క్లిప్పులమ్మాయి. టెలిఫోనమ్మ గదిలోకి ముగ్గురు మనుషులు ఒక్కసారిగా రావడం ఈ మధ్య కాలంలో ఎన్నడూ జరగలేదు. ఉన్నది ఒకటే కుర్చీ. కూర్చోమని ఎవరితో అనాలో తెలియక గోడ పట్టుకుని నిలబడింది. మేనేజరు మోకాళ్ళ మీద వంగి వాకరు చూశాడు. ఎడమ క్లిప్పు, కుడి క్లిప్పు. రెంటి మీదా ప్లాస్టిక్ కాగితం మసకబారి ఉంది. దాని మడతల్లో దుమ్ము గట్టిపడి ఉంది. అతను ఆ దుమ్ముని వేలితో రాసి చూశాడు. తర్వాత లేచి వరండాలోకి వెళ్ళి ఫోను చేశాడు. "లైను మొదలుపెట్టండి. ఆ అమ్మాయి ఆర్డరు కూడా సంతకానికి పంపించండి. అవును, ఈరోజే" అనడం లోపలికి వినిపించింది.

లోపలికి వచ్చి, ఎప్పుడైనా అవసరమైతే మళ్ళీ పిలుస్తామమ్మా అన్నాడు. గొంతులు విని బతికిన మనిషి ఆమె. ఆ గొంతు ఇక పిలవదని ఆమెకి తెలిసిపోయింది. అతని మీద కోపం కూడా రాలేదు.

మేనేజరూ డ్రైవరూ మెట్లు దిగారు. క్లిప్పులమ్మాయి మాత్రం గుమ్మం దగ్గర ఆగింది. పొద్దుట్నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు గిరుక్కున వెనక్కి తిరిగింది.

"రాత్రంతా నిద్ర పోలేదు నేను. నా చెయ్యి పాడైపోయిందనుకున్నా. మా పిల్లదాన్ని తిట్టాను, నీ జ్వరం వల్లే ఇదంతా అని. తెలుసా మీకు?"

"తప్పయిపోయింది తల్లీ."

"తప్పయిపోయిందంటే అయిపోతుందా?" అంటూనే వచ్చి వాకరు ముందు కూర్చుంది. ప్లాస్టిక్ కాగితాన్ని గోటితో చీల్చి పారేసింది. క్లిప్పు విప్పింది, బిగించింది, చెవి పెట్టి విన్నది. రెండోదీ అంతే. శబ్దం సరిగ్గా వచ్చినట్టుంది, ఆమె భుజాలు కిందికి దిగాయి. "ఇలా రండి. బొటనవేలు ఇక్కడ పెట్టండి. నొక్కండి. అలా కాదు, ఇంకా గట్టిగా."

"ఇప్పుడిదెందుకే నాకు?"

"ముందు నొక్కండి చెబుతాను."

నాలుగోసారికో ఐదోసారికో వాకరు ముడుచుకుంది. టెలిఫోనమ్మ ఒక చేత్తో గోడనీ ఒక చేత్తో వాకరునీ పట్టుకుని ఆయాసపడింది. క్లిప్పులమ్మాయి లేచి పైకోటు దులుపుకుంది.

"నేను మీ ఇంటికి రాను. నాకింకా కోపంగానే ఉంది. నాతో మాట్లాడాలంటే మీరే రండి. చెరువుగట్టు కాలనీ స్టాపులో దిగితే ఎదురుగా మా వాటా. ఆదివారం ఇంట్లోనే ఉంటా. బస్సువాళ్ళు దీన్ని మడవకపోతే ఎక్కనివ్వరు."

మెట్లు దిగి వెళ్ళిపోయింది. వ్యాను కదిలిన చప్పుడు వినిపించింది. ఆ పిల్ల మనసులో ఉండి అందో, కోపంలో నోటికొచ్చింది అందో ఎంత ఆలోచించినా తేలలేదు. గొంతుని బట్టి ఏదైనా ఇట్టే చెప్పేసే మనిషికి అదొక్కటీ అంతుపట్టలేదు. గది మళ్ళీ ఎప్పటిలాగే అయింది. టెలిఫోనమ్మ కుర్చీలో కూర్చుని వాకరుని దగ్గరికి లాక్కుంది. క్లిప్పు బిగించి నిలబెట్టింది. బొటనవేలు నొప్పిపుడుతోంది. మళ్ళీ విప్పి మడిచింది.